మా బావ ఆరబెట్టిన కప్పు

మా బావ పోయాడు. ఆదివారం పొద్దున నేనుండే పార్సిప్పనీలో ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపుతుంటే అక్క ఫోన్ చేసింది. "ఆయన లేరే," అంది. ఎక్కడికెళ్ళాడని అడిగాను. నిజంగానే అలా అడిగాను. లైబ్రరీకో బజారుకో వెళ్ళి, ఫోన్ ఇంట్లో మర్చిపోయి ఉంటాడనుకున్నాను. అక్క మళ్ళీ అదే మాట అంది. పక్కన ఎవరో ఇంగ్లీషులో ఏదో అడుగుతుంటే "నో, హి వాజ్ జస్ట్ సిట్టింగ్" అని చెప్పడం వినపడింది. అప్పటికి గాని నా బుర్రకి ఎక్కలేదు.

ఆష్‌బర్న్‌లో వాళ్ళ గరాజ్‌లో, ముక్కాలి పీట మీద కూర్చునే పోయాడు. ఒళ్ళో చెక్కపేళ్ళు ఉన్నాయట. చేతిలో కత్తి కిందికి జారిందిగాని ఎక్కడా గీసుకోలేదు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి చేయాల్సినవన్నీ చేశారు.

బావ స్నేహితులు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు, నన్ను కూడా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను. మంచి మాటలే రాస్తాను, తీపి మాటలు మాత్రం నా వల్ల కాదు. నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు. బావకి ఆ నోరంటేనే ఇష్టం.

అక్క పెళ్ళినాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. మొదట్లో బావని 'మీరు' అనేదాన్ని, ఏడాది తిరక్కుండానే 'నువ్వు'లోకి దిగిపోయాను. అక్క కసిరితే "పోనీలే, మర్యాద ఇచ్చేవాళ్ళు ఆఫీస్‌లో చాలామంది ఉన్నారు," అనేవాడు. ఆ తర్వాత నేనూ ఈ దేశం వచ్చిపడ్డాను. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, కారేసుకుని ఆష్‌బర్న్ వెళ్ళిపోయేదాన్ని. ఇక్కడ నాకు పుట్టిల్లంటే ఆ టౌన్‌హౌసే.

బావది డేటా సెంటర్‌లో ఉద్యోగం. కిటికీలు లేని బిల్డింగ్‌లో, ఫ్యాన్ల హోరులో రోజంతా ఉండి వచ్చేవాడు. ఒక గాలివాన తర్వాత వాళ్ళ కమ్యూనిటీలో బర్చ్ చెట్టు ఒకటి పడిపోయింది. బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేచే చెట్టు. మన పాతవాళ్ళు రాసుకున్న భూర్జపత్రాలు ఈ జాతివే. పనివాళ్ళు దాన్ని నరికి మెషిన్‌లో వేసి పొడి చేస్తుంటే బావ ఇంట్లో చెప్పులతోనే పరిగెత్తి, ఒక మొద్దు అడిగి మోసుకొచ్చాడు. "పొయ్యి లేని ఇంట్లో కట్టెలెందుకండీ?" అంది అక్క. బావకి కూడా తెలియదు ఎందుకో.

తర్వాత కమ్యూనిటీ సెంటర్‌లో శనివారం క్లాసుకి వెళ్ళి నేర్చుకున్నాడు. ఒక చేతి గొడ్డలి, ఒక చిన్న చాకు, లోపల తొలిచేందుకు కొడవలిలా వంగిన కత్తి ఒకటి. అంతే సామాను. చెక్కేది మాత్రం పచ్చి చెక్కే కావాలి. కొట్టిన చెట్టు తడి ఆరకముందే ముతక పనంతా అయిపోవాలి, ఎండిపోయాక అదే చెక్క రాయిలా బిగుసుకుంటుంది. అందుకని సగం చెక్కినవాటిని కవర్లలో చుట్టి ఫ్రీజర్‌లో దాచేవాడు, కొబ్బరి తురుము పక్కన, కరివేపాకు పక్కన. ఒకసారి నేను సాంబారు పెడదామని ఫ్రీజర్‌లోంచి ములక్కాడల పొట్లం తీస్తే లోపల గరిటె కాడలు ఉన్నాయి. "వేసెయ్ మరదలా, కాసేపు ఎక్కువ ఉడకనిస్తే సరి," అన్నాడు.

"చేత్తో తినేవాళ్ళం, మనకి చెక్క స్పూన్లెందుకు బావా?" అని నేను ఎగతాళి చేశాను. ఆ మాట పట్టుకుని స్పూన్లు మానేసి తెడ్లు చేశాడు. పులిహోర కలపడానికి అన్నం చితకని తెడ్డు, పప్పుగుత్తి, పచ్చడి తీసుకునే బుల్లి గరిటె. నా వంటింట్లో ఇప్పటికీ పప్పు మెదిపేది ఆయన గుత్తితోనే. దాని కాడ మీద నా బొటనవేలు ఆనేచోట ఒక చిన్న పల్లం ఉంటుంది. నాకు తెలియకుండా నేను గరిటె పట్టుకునే తీరు ఎప్పుడో చూసి పెట్టుకున్నాడు.

కప్పులు ఆ తర్వాత వచ్చాయి. చెట్టు మీద కణితిలా ఉబ్బిన బొడిపె దొరికితే దాన్ని తొలిచి కప్పు చేస్తారు, పక్కన పిడి వదులుతారు. క్లాసులో అందరూ పిడి కుడిచేతికి కుదిరేలా చెక్కుతుంటే బావ ఒక్కడూ ఎడమచేతికి చెక్కాడట. పైగా అంచుకి, మన కొమ్ముచెంబుకి ఉన్నట్టు, చిన్న ముక్కు ఒకటి తీశాడట. నేర్పే ఆయన మీ ఇంట్లో అందరిదీ ఎడమచేతివాటమా అని అడిగితే, బావ అక్కడున్న బల్ల మీద ఉత్త చేత్తో అన్నం కలిపి తిన్నట్టు చేసి చూపించాడట. కుడిచెయ్యి ఎంగిలి కదా, మంచినీళ్ళు ఎడమచేత్తోనే తీసుకోవాలి. కరిచి తాగితే మా అమ్మ ఊరుకునేది కాదు, ఎత్తి పోసుకోవాలి. మందపాటి చెక్క అంచు నుంచి ఎత్తి పోసుకుంటే నీళ్ళు మెడలోకి కారతాయి, అందుకే ముక్కు. ఇది విని ఆ ముసలాయన తనకీ అలాంటిది ఒకటి చేసిపెట్టమన్నాడని బావ ఎంత మురిసిపోయాడో.

మొట్టమొదటి కప్పు అక్కకే చెక్కాడు. దాన్ని అక్కే పాడుచేసింది. పచ్చి చెక్కతో చేసిన కప్పుని కాగితం సంచిలో దాని పేళ్ళే కప్పి, మూతి మడిచి, వేడిగాలి తగలని చోట వారాల తరబడి ఉంచాలి. బావ అది కిచెన్ కౌంటర్ మీద పెట్టి ఆఫీస్‌కి వెళ్ళాడు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. అక్క ఆ రోజు ఇంటి వెనక డెక్ మీద పాత దుప్పటి పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. మంచి ఎండ. తడిగా ఉందని చూసి, పాపం సాయం చేద్దామని కప్పుని కూడా వడియాల పక్కన పెట్టింది. మధ్యాహ్నానికి టప్పుమని చప్పుడైంది. అడుగు నుంచి అంచు దాకా నిలువునా చీలిపోయింది.

సాయంత్రం వచ్చి చూసి బావ కోప్పడలేదు. చీలిన కప్పులో సగం ఆరిన వడియాలు నాలుగు వేసుకుని తింటూ కూర్చున్నాడు. "పైపొర ఆరిపోయి లోపల తడి అలాగే ఉంటే ఏం చేస్తుంది మరి? తొందరపడితే పగులుతుంది," అన్నాడు. ఆ మాట ఆ రోజు మొదటిసారి విన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. అక్క ఇంకో కప్పు అడిగినప్పుడల్లా "మంచి బొడిపె దొరకనీ, నీది తీరిగ్గా చేస్తా," అనేవాడు. ముందు ఊళ్ళోవాళ్ళందరికీ ఇచ్చేశాడు.

అవును, ఇచ్చేశాడు. ఒక్కటీ అమ్మలేదు. "ఆన్‌లైన్‌లో పెట్టు బావా, ఎగబడి కొంటారు," అని నేను అంటే "నా వీసాకి గరిటెలు అమ్మే హక్కు లేదమ్మా," అనేవాడు నవ్వుతూ. అది జోక్ కాదు. ఆ వీసా మీద ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు, సొంతంగా ఒక్క తెడ్డు కూడా అమ్ముకోకూడదు. ఆయన పరిచయస్తుల ఇళ్ళలో, డాక్టర్ దగ్గర, కూతురి టీచర్ల దగ్గర ఉన్న ఆ కప్పులన్నీ ప్రేమతో ఇచ్చినవే, అందులో అనుమానం లేదు. అమ్ముకునే వీలున్నా ఇచ్చి ఉండేవాడేమో కూడా. ఆ వీలు లేకుండా చేసినవాళ్ళ మీద మాత్రం నాకు మంట ఆరలేదు.

ఇక ఇక్కడి నుంచి నేను రాసేది పుస్తకం వేసేవాళ్ళకి నచ్చకపోవచ్చు. బావ ఆ చెక్క మాటని ఇంట్లోకి తెచ్చేశాడు. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నాం, లైన్ కదలడం లేదు, అయినా తొందరపడకూడదు. ఇంకో కంపెనీ వాళ్ళు రమ్మంటే మళ్ళీ పేపర్లన్నీ మొదటికొస్తాయేమోనని ఆగాడు. తోటివాళ్ళు కెనడా వెళ్ళిపోతుంటే అక్క కూడా వెళ్దామంది. "ఇంత ఆగాం, ఇంకొంచెం ఆగితే పోయేదేముంది?" అన్నాడు. పోయేదేమిటో అక్కని అడగాల్సింది. ఇక్కడికి రాకముందు అక్క కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. ఇక్కడ ఆమె వీసా బావ వీసాకి తోక. చాలా ఏళ్ళు ఉద్యోగం చేయడానికే లేదు. పర్మిట్ వచ్చాక ఒక స్కూల్లో చేరితే, రెన్యూవల్ ఆలస్యమై ఆ స్కూలూ పోయింది. ఆ రోజు అక్క వంటింట్లో అంట్లు తోముతూ ఏడ్చింది. బావ వెనక నిలబడి గిన్నెలు తుడిచిపెట్టాడు, "వస్తుందిలే, ఆగు," అన్నాడు. ఇంతకంటే మంచి మనిషిని నేను చూడలేదు. ఆ 'ఆగు' అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండేది.

మొన్నటి చలికాలానికి ముందు, ఎక్కడో రోడ్డు పక్కన కొట్టేస్తున్న బర్చ్ మీద పెద్ద బొడిపె దొరికింది. నాకు ఫోటో పంపించాడు, కింద "మీ అక్కది" అని రాసి. గొడ్డలితో పైపని చేసి, లోపల తొలిచి, ఎడమచేతి పిడి, ముక్కు తీశాడు. చెక్కడం రెండు విడతల పని. పచ్చిగా ఉన్నప్పుడు ముతకగా చెక్కి ఆరబెట్టాలి. ఆరాక చాకుతో ఆఖరి నునుపు తేవాలి, అప్పుడు అవిసె నూనె పట్టించాలి. ఆ కప్పు మొదటి విడత అయిపోయి కోట్లు తగిలించే క్లోజెట్‌లో సంచిలో ఆరుతోంది. రోజూ పొద్దున దాన్ని కిచెన్ స్కేల్ మీద తూచేవాడు. బరువు తగ్గుతున్నంతకాలం లోపల తడి ఉన్నట్టు. ఇక తగ్గడం మానేస్తే ఆరినట్టు.

శుక్రవారం ఆఫీస్ నుంచి వస్తూనే ఛాతీలో పట్టేసినట్టుందన్నాడట. గ్యాస్ అన్నాడు. మజ్జిగలో జీలకర్ర పొడి కలిపించుకుని తాగాడు. శనివారం ఎడమచెయ్యి లాగుతోందన్నాడు. గొడ్డలి ఎత్తినందుకు అన్నాడు. అక్క ఎమర్జెన్సీకి వెళ్దామని కారు తాళాలు చేత్తో పట్టుకుని నిలబడింది. "సోమవారం అపాయింట్‌మెంట్ ఉందిగా. రెండ్రోజులకి తొందరేముంది?" అన్నాడు. ఆదివారం పొద్దున కొంచెం నయంగా ఉందని గరాజ్‌లోకి వెళ్ళాడు.

తలచుకున్నప్పుడల్లా బావ మీద కోపం వస్తుంది నాకు. పోయినవాళ్ళ మీద కోప్పడకూడదంటారు. బతికున్నప్పుడు కోప్పడితే నవ్వేవాడు, ఇప్పుడు ఆ నవ్వు కూడా లేదు, నేనేం చేయను? చెక్కకి తెలిసిన ధర్మం వేరు, గుండెకాయ ధర్మం వేరు. ఆఫీసుల్లో క్యూల ధర్మం ఇంకా వేరు. అన్నిటికీ ఒకే కాగితం సంచి వాడాడు మా బావ.

సంతాప సభలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "ఇన్నేళ్ళు వెయిట్ చేసి కూడా ఒక్క రోజు కంప్లెయింట్ చేయలేదండీ, ఎంత ఓపిక, ఎంత ఓపిక," అన్నాడు. అందరూ తలలూపారు. భోజనాల దగ్గర ఆయన నా పక్కకొచ్చి అదే మాట మళ్ళీ అన్నాడు.

"ఆ ఓపికే తీసుకుపోయింది అంకుల్," అన్నాను.

"అలా అనకమ్మా, టైమ్ వచ్చింది, వెళ్ళాడు."

"టైమ్ రాలేదనే కదండీ ఇన్నేళ్ళు లైన్లో ఆపింది."

ఆయన ప్లేటు పట్టుకుని ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేం లేదు. ఆయన ఇంట్లోనూ బావ చేసిన తెడ్డు ఉంది, ఆయనా అదే లైన్లో ఉన్నాడు.

బావ పోవడంతో అక్క వీసా కూడా పోయినట్టే. అది తోక కదా. వాళ్ళ పాప ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో చదువుతోంది. పాపకి ఈ దేశం పాస్‌పోర్ట్ ఉంది, కన్నతల్లికి ఉండే వీలు లేదు. మేం ఒక లాయర్‌ని కలిశాం. ఆయన మంచిగానే మాట్లాడాడు. దారి పూర్తిగా మూసుకుపోలేదని, అప్లై చేసి చూడొచ్చని, ఎంతకాలం పడుతుందో చెప్పలేనని, వెయిట్ చేయాలని అన్నాడు. ఆ ఆఖరి మాటకి అక్క నవ్వింది. బావ పోయాక అక్క నవ్వడం అదే మొదటిసారి. అది చూసి నాకు భయమేసింది.

కారెక్కాక, "ఏం చేద్దామే అక్కా?" అన్నాను.

"మన ఊరు వెళ్ళిపోతాం."

"ఆయన ఛాన్స్ ఉందన్నాడుగా. ట్రై చేద్దాం. నా దగ్గర ఉండొచ్చు మీరు."

"నన్ను కూడా సంచిలో పెట్టి ఆరబెడతారా ఏంటే? నా వల్ల కాదు. నాకు పని కావాలి. పిల్లలకి పాఠం చెప్పుకుంటా."

పాప వెనక సీట్లో కూర్చుని వింటోంది. "పిన్నీ, ఇట్స్ ఓకే. నేను అమ్మతో వెళ్తా. కాలేజ్‌కి మళ్ళీ వస్తా," అంది. ఆ పిల్లకి తెలుగు తిన్నగా రాదు, మనసు మాత్రం వాళ్ళ నాన్నది.

ఇల్లు ఖాళీ చేయడానికి నేను వెళ్ళాను. గొడ్డలి, కత్తులు క్లాసు ముసలాయన వచ్చి తీసుకున్నాడు. బావ చేసిచ్చిన కప్పు కూడా వెంట తెచ్చుకుని, అందులోనే మంచినీళ్ళు పోయించుకుని, ఎడమచేత్తో ఎత్తి తాగి చూపించాడు. ఒక్క చుక్క కారలేదు. అక్క లోపలికెళ్ళిపోయింది.

సూట్‌కేసులు సర్దుతుంటే పాప క్లోజెట్‌లోంచి ఆ కాగితం సంచి తెచ్చింది. రోజూ తనే తూస్తోందట, బరువు ఇంకా తగ్గుతూనే ఉంది. అక్క దాన్ని చీరల మధ్య పెట్టుకోబోయింది.

"అమ్మా, ప్లేన్‌లో ఎయిర్ చాలా డ్రై. క్రాక్ అవుతుంది. డాడీ చెప్పాడు," అంది పాప. "పిన్నీ, నువ్వు ఉంచు. రోజూ వెయిట్ చూడు. ప్రామిస్?"

అక్క సంచి నా చేతికిచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ లైన్లో నిలబడి, ముందున్నవాళ్ళు ఎంతకీ కదలకపోతే, వెనక్కి తిరిగి నాకేసి చూసింది. లైన్ కదిలాక మళ్ళీ చూడలేదు.

పార్సిప్పనీలో నా అపార్ట్‌మెంట్ క్లోజెట్‌లో సంచి పెట్టాను. రోజూ పొద్దున కాఫీకి ముందు తూచేదాన్ని. సంచి మూతి విప్పితే పచ్చి చెక్క వాసన, కొత్తగా వాన పడ్డ వాసన లాంటిది, గుప్పుమనేది. వాళ్ళ ఇంటి క్లోజెట్ వాసన అది. రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. చలికాలం వెళ్ళింది. అక్కకి విజయవాడలో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఇన్నేళ్ళు ఇక్కడ దొరకనిది అక్కడికెళ్ళిన కొన్ని వారాలకే దొరికింది. దానికి సంతోషించాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు బరువు తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు. వారం చూశాను. అప్పుడు తీసి వెలుతుర్లో పట్టుకుని అన్నివైపులా తిప్పి చూశాను. వెంట్రుకంత పగులు కూడా లేదు. కత్తి గాట్లు గరుగ్గా అలాగే ఉన్నాయి. ఆ గాట్లు నునుపు చేయాల్సిన చెయ్యి లేదు. అక్కకి వీడియో కాల్ చేసి చూపించాను.

"ఆరిందే అక్కా. ఎక్కడా పగల్లేదు."

అక్క ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది. వెనక ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు.

"పగిలి ఉంటే బాగుండేదే," అంది.

పంపించనా అని అడిగితే వద్దంది. స్టీలు గ్లాసు ఉందిగా అంది. క్లాసుకి టైమవుతోందని పెట్టేసింది.

ఆ శనివారం మంచి ఎండ కాసింది. నా బాల్కనీలో దుప్పటి పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టాను, అక్క పెట్టినట్టే. వాటి పక్కన ఎండలో ఆ కప్పు పెట్టాను. పొరపాటున కాదు, కావాలనే పెట్టాను. టప్పుమంటుందేమోనని పొద్దున్నుంచి తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వడియాలు ఆరి దుప్పటికి అంటుకున్నాయి. ఎండ దిగిపోయింది. చప్పుడేమీ కాలేదు. లేచి వెళ్ళి కప్పుని ఎడమచేత్తో తీసుకున్నాను. ఎవరో అప్పటిదాకా పట్టుకుని, నీళ్ళు తాగి కిందపెట్టినట్టు, పిడి వెచ్చగా ఉంది.